అడవి మంటల్లో ఇళ్లు కోల్పోయినవారికి తాత్కాలిక నివాసాలు వేసే ముందు జాగ్రత్తలు

ములుగు, ఏటూరునాగారం వైపు ఎండాకాలంలో అడవి అంటుకుని గూడెం కాలిపోతే, గుంజలు పాతకముందే ఆ స్థలం అటవీ శాఖదో రెవెన్యూదో తహసీల్దారు ద్వారా తేల్చుకోవాలి. జూన్‌లో వానలు మొదలవుతాయి కనుక వాగు ఒడ్డునూ, చెరువు శికం భూమినీ (చెరువు నిండితే నీట మునిగే నేలను) ఎంచుకోకూడదు.

చుట్టూ ఎండుటాకులు ఊడ్చి, మట్టి తేలేదాకా గడ్డి చెక్కాలి. తాటికమ్మ కప్పు చల్లగా ఉంటుందన్న మాట నిజమే గాని, మంటల నుంచి బయటపడ్డవారికి మళ్లీ అదే వేయడం తగదు. రేకులు వేసి, గాలిదుమారానికి లేవకుండా దూలాలకు గట్టిగా బిగించి, వేడి పోవడానికి గోడకూ కప్పుకూ నడుమ సందు వదలాలి.

మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు, నివాసాల మధ్య కనీసం 2 మీటర్ల ఎడం అవసరం. మరుగుదొడ్డి గుంత బోరుకు కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలి.

ఎవరి పక్కన ఎవరుండాలో ఆ కుటుంబాలనే అడిగి వరుసలు గీయాలి.