వరిగడ్డి తగలబెట్టకుండా ఎరువు చేసుకోండి

కంబైన్ కోత తర్వాత మిగిలిన వరిగడ్డి దున్నకానికి అడ్డమని చాలామంది నిప్పు పెడుతున్నారు. దాన్ని గట్టు పక్కన నీడలో కుప్ప వేయండి, మిగతా పని బూజు చూసుకుంటుంది.

టన్ను గడ్డికి కిలో ట్రైకోడెర్మా విరిడె (గడ్డిని కుళ్లబెట్టే బూజు ఇదే), 5 కిలోల యూరియా సరిపోతాయి. గడ్డిని అడుగు మందాన పరిచి బాగా తడపండి. యూరియా నీళ్లు చల్లి, ఆపైన పేడనీళ్లలో కలిపిన ట్రైకోడెర్మా చల్లండి. ఇలా నాలుగైదు పొరలు వేయాలి. బూజు దారాలు గడ్డి పీచులోకి చొచ్చుకుపోయి కరిగిస్తాయి. మూడు వారాలకోసారి తిరగేస్తే సుమారు మూడు నెలల్లో నల్లగా, పొడిపొడిగా, మట్టి వాసనతో హ్యూమస్, అంటే బాగా చివికిన ఎరువు తయారవుతుంది.

తేమ మాత్రం చూసుకోవాలి. గుప్పెడు గడ్డి పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. కుప్ప ఎండితే బూజు ఆగిపోతుంది, నీళ్లు నిలిస్తే గాలాడక కుళ్లు వాసన కొడుతుంది.