సొంతంగా పరీక్ష పెట్టుకునే ముందు జాగ్రత్తలు

చదివింది ఎంత నిలిచిందో చూసుకోవాలనుకుంటున్నారా? కూర్చునే ముందు ఇవి సరిచూసుకోండి.

• పుస్తకం మూసి, చేతికి అందనంత దూరంలో పెట్టండి. చూడగానే “ఇది తెలిసిందే” అనిపించడం వేరు, చూడకుండా రాయగలగడం వేరు.

• మొదటి రోజు ఫలితాన్ని నమ్మకండి. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు చిన్న పాఠ్యభాగాలు ఇచ్చారు. కొందరు మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవారే ముందున్నారు: వారికి 81 శాతం గుర్తుంది, రెండో వర్గానికి 75. వారం గడిచేసరికి తారుమారైంది. రాసినవారికి 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవారికి 42 మాత్రమే. మళ్లీ చదివినవారి ధీమా ఎందుకు బెడిసికొడుతుందో ఇక్కడే తెలుస్తుంది.

• సరైన జవాబులు దగ్గర ఉన్నాయా? బహుళైచ్ఛిక ప్రశ్నలైతే ఇది మరీ ముఖ్యం. తప్పు ఐచ్ఛికాన్ని ఎంచుకుని వదిలేస్తే, తర్వాత అదే నిజమన్నట్టు గుర్తుకురావచ్చు. ముగియగానే సరిచూసుకోండి.

• ఫోను మరో గదిలో.

• “నేను బొమ్మలు చూసి నేర్చుకునే రకం” అని రాత మానేయకండి. అలాంటి రకాలను బట్టి బోధిస్తే మేలనడానికి తగిన ఆధారం లేదని 2008లో మనస్తత్వ శాస్త్రవేత్త పాష్లర్ బృందం తేల్చింది. అయినా ఆ ప్రచారం ఆగలేదు, అది వేరే గోల.

• రెండోసారి పరీక్ష ఎప్పుడు పెట్టుకుంటారో ఇప్పుడే రాసుకోండి. అసలు పరీక్షకు నెల ఉంటే వారం ఎడం ఇవ్వవచ్చు, వారమే ఉంటే ఒకటి రెండు రోజులు చాలు.