చేపల కుంట తవ్వాలా వద్దా? మే నెలలో తేల్చుకోండి

వానలు పడి కాకతీయ కాలువ నిండుగా పారుతున్నప్పుడు వరంగల్, కరీంనగర్ వైపు ఏ ఎకరం చూసినా చేపలకు పనికొచ్చేదిగానే కనిపిస్తుంది. అప్పుడు నిర్ణయం తీసుకోవద్దు. బోరు సన్నగా పోసే మే నెలలో తీసుకోండి. ఈ ప్రాంతంలో సొంత కుంట దెబ్బతినేది ఎక్కువగా ఎండాకాలం నీళ్ల దగ్గర, ఆ తర్వాత అమ్మకం దగ్గర. ఊరి చెరువు సంగతి వేరు, అందులో చేపలు పట్టే హక్కు సాధారణంగా మత్స్య సహకార సంఘానిది. ఇక్కడ చెప్పేదంతా పట్టా భూమిలో తవ్వుకునే కుంట గురించే.

ఎకరం కుంటలో అయిదడుగుల నీళ్లు నిలపాలంటే దాదాపు 62 లక్షల లీటర్లు కావాలి. నింపడం ఒకసారితో అయిపోతుంది, నిలబెట్టుకోవడమే రోజూ పని. ఆవిరి, ఇంకుడు కలిపి రోజుకు ఒక్క సెంటీమీటరు తగ్గినా 40 వేల లీటర్లు పోయినట్టే. బోరు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి గడియారం చూడండి. రెండు నిమిషాల్లో నిండితే గంటకు 6 వేల లీటర్లు. అంటే ఆ సెంటీమీటరు పూడ్చడానికే మోటారు దాదాపు 7 గంటలు నడవాలి. ఇదే బోరు మీద వరి కూడా ఉంటే లెక్క అక్కడే తప్పుతుంది. కాలువ నీళ్లు వంతుల వారీగా, పంట కోసం వస్తాయి కాబట్టి వాటిని నమ్ముకోవద్దు. వ్యవసాయ కనెక్షన్‌ను చేపల కుంటకు వాడుకోవచ్చో లేదో కూడా ముందే విద్యుత్ కార్యాలయంలో అడగండి.

నేల సంగతి రెండు రోజుల్లో తెలుస్తుంది. నడుము లోతు గుంత తీసి పొద్దున అంచుదాకా నీళ్లు పోయండి. సాయంత్రానికి తగ్గింది మళ్లీ నింపి, పైన ఆకులు కప్పండి. తెల్లారి చూస్తే నీళ్లు చాలావరకు ఉండాలి. రేగడి, బంకమట్టి నిలుపుతాయి. చల్క, మొరం నేలల్లో ఇంకిపోతాయి. పైన రేగడి కనిపించినా మూడడుగుల కింద మొరం తగలొచ్చు, కాబట్టి గుంత ఒక్కచోట తీస్తే చాలదు, మూడు నాలుగు చోట్ల తీయండి. మట్టి, నీళ్ల పరీక్షల విషయంలో మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో సలహా అడగొచ్చు. నీళ్ల పీహెచ్ (పులుపు, క్షార గుణం కొలత) 7 నుంచి 8.5 మధ్య ఉంటే మంచిది.

పాత కుంటనే వాడుకుంటే అందులో మిగిలిన కొర్రమీను, జెల్ల మీరు వదిలే పిల్లలను తినేస్తాయి. మొత్తం ఎండగట్టడం కుదరకపోతే వాటిని చంపడానికి ఇప్పచెక్క (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండి) వాడండి. మీటరు లోతు నీళ్లున్న ఎకరానికి సుమారు టన్ను పడుతుంది. దాని విషం దిగడానికి మూడు వారాలు ఆగి, ఆ తర్వాతే పిల్ల వదలాలి.

పిల్ల సైజు దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. వేలెడు పిల్లను జులైలో వదిలితే కిలోకు రావడానికి 10 నుంచి 12 నెలలు పడుతుంది. అంటే మేలో, నీళ్లు అడుగంటే సమయానికి, కుంటలో బరువైన చేప ఉంటుంది. ధర ఎక్కువైనా 100 గ్రాముల పిల్లను కొనండి. మేత సరిగా వేస్తే ఫిబ్రవరి, మార్చికల్లా పట్టుకోవచ్చు. ఎకరానికి 2,000 చాలు: రవ్వ (రోహు) 1,400, బొచ్చె (కట్ల) 400, మ్రిగాల 200. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్ల తెచ్చిస్తామని ఎవరైనా వస్తే పంపేయండి, దాని పెంపకం దేశంలో నిషేధం.

వదిలిన 2,000లో 1,700 బతికి తలా కిలోకు వస్తే 1.7 టన్నులు. కొనేటప్పటి బరువు తీసేస్తే పెరిగింది 1,500 కిలోలు. తేలే మేతయితే కిలో పెరగడానికి కిలోన్నర, తవుడు–పల్లిచెక్క అయితే మూడు కిలోలదాకా పడుతుంది. మేత కిలో 40 రూపాయలనుకుందాం. చేప కిలోకు మేతే 60. మొత్తం ఖర్చులో మేత వాటా సుమారు 60 శాతం, కాబట్టి కిలోకు 100 రూపాయలు పెట్టుబడి. తవ్వకం, వడ్డీ ఇందులో లేవు. మీ ఊళ్లో టోకు ధర 110 ఉంటే మిగిలేది కిలోకు పదే. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో వచ్చింది. అందులో సబ్సిడీ 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా మత్స్యశాఖలో అడగండి. సబ్సిడీ లేకుండా నిలబడని లెక్కయితే మాత్రం తవ్వకండి.

చావులు ఎక్కువగా తెల్లవారుజామున జరుగుతాయి. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా మారి, పైగా మబ్బు పట్టిందంటే రాత్రంతా పాచి ప్రాణవాయువును తాగేస్తుంది. నాలుగు గంటలకు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే కొత్త నీళ్లు ఎత్తునుంచి చిమ్మించాలి, ఆ రోజు మేత ఆపాలి. మోచేతిదాకా చెయ్యి ముంచినప్పుడు అరచెయ్యి అసలే కనిపించకపోతే అప్పుడే ఎరువు, మేత తగ్గించండి. తెల్లవారుజామున కుంట గట్టున మనిషి ఉండగలడా? ఊళ్లో ఉండని వాళ్లకు ఇది పెద్ద ప్రశ్నే.

ఇక అమ్మకం. ఎండాకాలం నీళ్లు తగ్గాక ఊరి చెరువుల చేప ఒక్కసారిగా బజారుకు వస్తుంది. చాలా చెరువుల్లో ప్రభుత్వం ఉచితంగా వదిలిన పిల్లే, కాబట్టి ఆ ధరతో పోటీ పడలేరు. ఐసు పెట్టెల్లో వచ్చే కోస్తా చేపతోనూ పోటీయే. మృగశిర కార్తెకు గిరాకీ పెరుగుతుంది గానీ, జూన్ దాకా చేపను ఆపాలంటే మళ్లీ మే నీళ్లే కావాలి. మీకున్న బలం గట్టు మీద బతికున్న చేపను అమ్మడం. తవ్వకముందే దగ్గరి మూడు సంతలు తిరగండి, అమ్మేవాళ్లను వారానికి ఎన్ని కిలోలు తీసుకుంటారో, ఏ సైజు అడుగుతారో, డబ్బు ఎప్పుడిస్తారో అడిగి రాసుకోండి. నెలలో 1.7 టన్నులు పోయేలా లేకపోతే ఎకరం వద్దు, 20 గుంటల్లో (అర ఎకరంలో) కుంట తవ్వండి.