ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మీరే నేర్చుకోండి – 6వ పాఠం: పెర్ఫార్మెన్స్ టార్క్ కన్వర్టర్ కొత్తది కొనాలా, వాడినది కొనాలా?

పోయిన పాఠం చివర ఒక కాగితం తయారు చేసుకోమన్నాను. మీ ఇంజిన్ ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత టార్క్ ఇస్తుంది, క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) ఎక్కడి నుంచి లాగడం మొదలుపెడుతుంది, బండి బరువెంత, టైరు వ్యాసమెంత, డిఫరెన్షియల్ రేషియో ఎంత. ఆ కాగితం పక్కన పెట్టుకునే ఈ పాఠం చదవండి. అది చేతిలో లేకుండా కొత్తదా, పాతదా అని ఎంత ఆలోచించినా తేలదు.

ఒక్క మాట గుర్తు చేస్తాను. టార్క్ కన్వర్టర్ అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని (టార్క్‌ని) నూనె ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే డబ్బా. అందులో ఇంజిన్‌తో పాటు తిరిగే రెక్కల చక్రం పంపు, గేర్‌బాక్స్ షాఫ్ట్‌ని తిప్పే రెక్కల చక్రం టర్బైన్. టర్బైన్ కదలకుండా పట్టి ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజిన్ ఏ ఆర్‌పీఎం దాకా వెళ్ళి ఆగిపోతుందో అదే స్టాల్. కంపెనీ నుంచి వచ్చిన కన్వర్టర్లో ఇది తక్కువగా ఉంటుంది. పెద్ద క్యామ్ వేసిన ఇంజిన్‌కి కింది ఆర్‌పీఎంలో బలం ఉండదు కాబట్టి, అది నేరుగా బలమున్న చోటికి ఎక్కేలా ఎక్కువ స్టాల్ ఉన్న కన్వర్టర్ వేస్తాం. స్టాల్ క్యామ్ లాగడం మొదలుపెట్టే చోటుకి కాస్త పైన ఉంటే చాలు. అంతకంటే ఎక్కువైతే పికప్ పెరగదు, వేడి పెరుగుతుంది.

ఆ 3000 ఎవరిది?

వాడిన కన్వర్టర్ అమ్మేవాళ్ళు మొదట చెప్పేది ఒక అంకె. "3000 స్టాల్ అండీ, బ్రహ్మాండంగా పనిచేస్తోంది." ఆ మాట నిజమే అయినా, ఆ 3000 అతని ఇంజిన్‌ది. ఈ పాఠంలో మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్క ముక్క మర్చిపోకండి. కన్వర్టర్ తనంతట తాను ఏ స్టాలూ ఇవ్వదు. వెనక నుంచి ఎంత టార్క్ తోస్తే అంత పైకి వెళ్తుంది. అదే డబ్బాని బలమైన ఇంజిన్‌కి బిగిస్తే స్టాల్ పెరుగుతుంది, బలహీనమైనదానికి బిగిస్తే పడిపోతుంది.

ఎంత మారుతుందో లెక్క వేసుకోవచ్చు. కన్వర్టర్ లోపల నూనెలో తిరిగే పంపు తీసుకునే టార్క్ దాని వేగానికి వర్గంగా పెరుగుతుంది. అందుకని స్టాల్ ఆర్‌పీఎంని టార్క్ వర్గమూలంతో భాగిస్తే వచ్చే అంకె ఆ కన్వర్టర్‌కి దాదాపు స్థిరంగా ఉంటుంది. దీన్ని కే ఫ్యాక్టర్ అంటారు. ఇక్కడ వేయాల్సింది ఇంజిన్ గరిష్ఠ టార్క్ కాదు, స్టాల్ చుట్టుపక్కల ఆర్‌పీఎంలో వచ్చే టార్క్. చాలామంది తప్పేది ఇక్కడే.

ఈ లెక్క నేను గేర్‌బాక్స్ రెండుసార్లు దించి నేర్చుకున్నాను. ఒకతని దగ్గర 2800 స్టాల్ అన్న కన్వర్టర్ కొన్నాను. అతను అబద్ధం ఆడలేదు. అతని బండిలో పెద్ద ఇంజిన్, అక్కడ దాదాపు 480 పౌండ్-ఫీట్ టార్క్ వచ్చేది. నాది చిన్న ఇంజిన్, ఆ ఆర్‌పీఎంలో 260 కూడా కష్టమే. ఇప్పుడు లెక్క చూడండి. 480కి వర్గమూలం 21.9. 2800ని దానితో భాగిస్తే సుమారు 128. 260కి వర్గమూలం 16.1. 128ని దానితో గుణిస్తే సుమారు 2060. నా క్యామ్ 2500 దాటితే గానీ లేవదు. బండి సిగ్నల్ దగ్గర నుంచి కదలడానికి మునుపటి కంటే ఎక్కువ ఆయాసపడింది. కన్వర్టర్ పాడైందనుకుని దించాను, చూస్తే దానిలో ఏ లోపమూ లేదు. దానికి తగిన ఇంజిన్ నా దగ్గర లేదు, అంతే.

కాబట్టి వాడినది చూడటానికి వెళ్ళేముందు అడగాల్సింది "స్టాల్ ఎంత" అని కాదు. "ఏ ఇంజిన్ వెనక ఉండేది, ఆ ఇంజిన్‌లో ఏమేం మార్చారు, బండి బరువెంత" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే స్టాల్ అంకెని లెక్కలోకి తీసుకోవద్దు.

చేత్తో చూడగలిగినవి

కన్వర్టర్ అంటే చుట్టూ వెల్డ్ చేసి మూసేసిన ఉక్కు డబ్బా. లేత్ మీద కోస్తే తప్ప లోపల కనపడదు. అయినా బయట నుంచి చాలా తెలుసుకోవచ్చు.

ముందు హబ్, అంటే గేర్‌బాక్స్ పంపులోకి దూరే గొట్టం. దాని మీద ఆయిల్ సీల్ ఆనే చోట గోరు పెట్టి నెమ్మదిగా గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గాడి పడిందని అర్థం, కొత్త సీల్ వేసినా కారుతుంది. హబ్ చివర పంపుని తిప్పే గాడులు గానీ, చదును చేసిన అంచులు గానీ ఉంటాయి. వాటి మూలలు పదునుగా ఉండాలి, అరిగి గుండ్రబడితే వద్దు. హబ్ చుట్టూ ఉక్కు నీలం రంగుకి తిరిగితే అది బాగా కాలిందన్నమాట. నేనైతే అక్కడితో ఆపేస్తాను.

తర్వాతది స్టేటర్, అంటే పంపుకీ టర్బైన్‌కీ మధ్య ఉండి నూనెని దారి మళ్ళించే రెక్కల చక్రం. ఇది తీరిగ్గా చేయండి. టార్చి వేసి హబ్ లోపలికి చూస్తే రెండు వరసల స్ప్లైన్లు (షాఫ్ట్ పళ్ళు దూరే గాడులు) కనిపిస్తాయి. ముందున్నవి స్టేటర్‌వి, ఇంకా లోతున ఉన్నవి టర్బైన్‌వి. రెండు వేళ్ళు లోపలికి పెట్టి ముందు వరస పళ్ళకి గట్టిగా అదిమి తిప్పండి. వేళ్ళు జారుతుంటే పొడవాటి సర్‌క్లిప్ ప్లయర్ వాడండి. ఒక వైపు హాయిగా తిరగాలి, రెండో వైపు టక్కున పట్టేయాలి. అదే వన్‌వే క్లచ్. రెండు వైపులా తిరిగితే క్లచ్ పోయింది. టార్క్‌ని పెంచే పనే జరగదు, బండి బరువుగా ఈడ్చుకుంటూ కదులుతుంది. రెండు వైపులా పట్టేస్తే ఇంకో రకం మోసం. బయల్దేరడం బాగానే ఉంటుంది, కానీ వేగం పెరిగాక స్టేటర్ నూనెకి అడ్డం నిలిచి వేడి పుట్టిస్తుంది. చిన్న ట్రయల్‌లో ఇది దొరకదు.

వేలికి పట్టింది కదా అని పూర్తిగా నమ్మకండి. మీ వేలి బలం ఎంత, 300 పౌండ్-ఫీట్ ఇంజిన్ బలం ఎంత? అరిగిన క్లచ్ చేతికి పట్టి, బరువు పడ్డప్పుడు జారొచ్చు. ఈ పరీక్ష చెడ్డదాన్ని చెడ్డదని చెప్పగలదు గానీ మంచిదని హామీ ఇవ్వలేదు.

ఇక ఉబ్బు. లోపలి ప్రెషర్ ఎక్కువైతే, నైట్రస్ (అదనపు బలానికి ఇంజిన్‌లోకి వదిలే వాయువు) కొడితే, ట్రాన్స్‌బ్రేక్ (గేర్‌బాక్స్‌ని లాక్ చేసి బండి కదలకుండా పట్టే ఏర్పాటు) మీద పదేపదే లేపితే డబ్బా ముందుకీ వెనక్కీ ఉబ్బుతుంది. అది క్రాంక్‌షాఫ్ట్‌ని ముందుకి నెట్టి, దాన్ని ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్‌ని తినేస్తుంది, అంటే కన్వర్టర్‌తో మొదలై ఇంజిన్ దాకా పోతుంది. ముందు కవర్ మీద ఇనుప స్కేలు నిలబెట్టి చూడండి. వీలైతే అదే మోడల్ మంచిది పక్కన పెట్టి పోల్చండి.

కొలతలు త్వరగా చెప్పేస్తాను. బోల్టుల వృత్తం (షెవర్లేలో 10.75, 11.5 అంగుళాలు రెండూ ఉన్నాయి), పైలట్ (క్రాంక్‌షాఫ్ట్‌లోకి దూరే ముందు ముక్కు) వ్యాసం, స్ప్లైన్ పళ్ళ సంఖ్య. 700ఆర్4 గేర్‌బాక్స్‌కి తొలి ఏళ్ళలో 27 పళ్ళు, తర్వాత 30 వచ్చాయి. పేరు ఒకటే కదా అని కొంటే షాఫ్ట్ దూరదు. పళ్ళు లెక్కపెట్టుకోండి.

చేత్తో చూడలేనిది

కన్వర్టర్ని బోర్లించి లోపలి ఆయిల్‌ని తెల్లటి గుడ్డ మీదకి వంపండి. ఎర్రగా, శుభ్రంగా ఉంటే మంచిదే. నల్లబడి మాడు వాసన వస్తుంటే క్లచ్‌లు కాలాయి. ఎండలో పట్టి చూసినప్పుడు వెండి పొడిలా మెరిస్తే లోపల ఏదో అరుగుతోంది.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: అసలు దీన్ని బండిలోంచి ఎందుకు తీశారు? ఇంజిన్ మార్చి తీశారంటే ఒక సంగతి. గేర్‌బాక్స్ చెడిపోయి తీశారంటే, ఆ చెత్తంతా ఆయిల్‌తో పాటు ఈ డబ్బాలోకి వెళ్ళి రెక్కల మూలల్లో పేరుకుని ఉంటుంది. బయట నుంచి ఎంత కడిగినా పూర్తిగా పోదు. దాన్ని కొత్తగా బాగు చేయించిన గేర్‌బాక్స్‌కి బిగిస్తే మొదటి రోజే పాత గేర్‌బాక్స్ చెత్త కొత్త వాల్వ్ బాడీలోకి (గేర్లు మార్చే నూనె దారులుండే భాగంలోకి) చేరుతుంది. నా మట్టుకు నేను ఇలాంటి కన్వర్టర్‌ని ఊరికే ఇచ్చినా కోయించకుండా వాడను.

వేడి ఎందుకంత ప్రమాదమో ఒక లెక్క. 3000 ఆర్‌పీఎం దగ్గర 400 పౌండ్-ఫీట్ అంటే దాదాపు 170 కిలోవాట్లు. స్టాల్‌లో బండి కదలదు కాబట్టి ఆ శక్తంతా నూనెలో వేడిగా మారుతుంది. కన్వర్టర్లో అయిదు లీటర్ల నూనె ఉందనుకుంటే, ఉక్కు తీసుకునే వేడిని పక్కన పెడితే, సెకనుకి సుమారు 20 డిగ్రీలు పెరుగుతుంది. అయిదు సెకన్లకి వంద డిగ్రీలు. స్టాల్ పరీక్ష అయిదు సెకన్లు మించకూడదని చెప్పేది అందుకే. పాత యజమాని ఎంతసేపు తొక్కాడో మీకు చెప్పేవాళ్ళు లేరు.

మధ్యలో మూడో దారి

కొత్తదీ వాడినదీ అని రెండే అనుకుంటాం గానీ, వాడినదాన్ని కన్వర్టర్ షాపులో కోయించి బాగు చేయించడం మూడోది. మంచి షాపువాళ్ళు లేత్ మీద వెల్డ్ కోసి, లోపల కడిగి, వన్‌వే క్లచ్, బేరింగులు, సీళ్ళు మార్చి, రెక్కల వంపు గానీ స్టేటర్ గానీ మార్చి మీ ఇంజిన్‌కి స్టాల్ సరిచేసి, మళ్ళీ వెల్డ్ చేసి, గాలి ప్రెషర్‌తో లీకు చూసి, బ్యాలెన్స్ చేసి ఇస్తారు. వాడినదాని ధరకి ఈ ఖర్చు కలిపి అప్పుడు కొత్తదానితో పోల్చండి. లోపల రెక్కలు బ్రేజింగ్ చేసి (కరిగించిన లోహంతో అతికించి), థ్రస్ట్ వాషర్ల బదులు నీడిల్ బేరింగులు వేసిన మంచి డబ్బా అయితే ఈ దారి బాగుంటుంది. మామూలు కంపెనీ డబ్బా అయితే కొత్తదే నయం.

కొత్తది కొన్నా ప్రశ్నలు తప్పవు. కొత్తవని అమ్మే చాలా పెర్ఫార్మెన్స్ కన్వర్టర్లు పాత కంపెనీ డబ్బాల్ని కోసి కట్టినవే. అది తప్పేం కాదు, లోపల ఏం వేశారో అడిగి తెలుసుకోండి. ఉబ్బకుండా బలపరిచే ప్లేటు ఉందా? నైట్రస్, టర్బో లేని రోడ్డు బండికి అది తప్పనిసరి కాదు. అవి ఉంటే మాత్రం ఆ బలం కావాల్సిందే. డబ్బా మీద "2400–2800" అని అచ్చు వేసి అలమరలోంచి తీసిచ్చేదానికంటే, మీ కాగితంలోని అంకెలన్నీ అడిగి కట్టిచ్చేవాడిని నమ్ముతాను. స్టాల్ కుదరకపోతే ఒకసారి మార్చిస్తారా అని కూడా ముందే అడగండి. కొత్తదానికి మనం ఎక్కువ ఇచ్చేది ఈ హామీకే.

బండి రోజూ వాడేదైతే, టైరు వ్యాసం 70 సెంటీమీటర్లు, రేషియో 3.73, టాప్ గేరు 1:1 అనుకుంటే, 100 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ సుమారు 2830 తిరుగుతుంది. లాకప్ (వేగం అందుకున్నాక పంపునీ టర్బైన్‌నీ కలిపి పట్టేసే క్లచ్) లేకుండా దీనికి చాలా పైన స్టాల్ పెట్టుకుంటే ప్రయాణమంతా కన్వర్టర్ జారుతూ నూనెని కాస్తూనే ఉంటుంది. అలాంటి బండికి విడిగా ఆయిల్ కూలర్ ఉండాల్సిందే, ఉన్న కూలర్ పాతదైతే దాన్నీ కడిగించాలి.

సాధన

ఒకటి: 350 పౌండ్-ఫీట్ ఇంజిన్ వెనక 3200 స్టాల్ ఇచ్చిన కన్వర్టర్, 420 వెనక ఎంత ఇస్తుంది? మీ లెక్క 3500కి దగ్గరగా రావాలి.

రెండు: అదే లెక్క మీ కాగితంలోని టార్క్‌తో వేయండి. వచ్చిన అంకె మీ క్యామ్ మొదలయ్యే చోటుకి కింద ఉందా, పైన ఉందా రాసుకోండి.

మూడు: ఏదైనా వర్క్‌షాపులో పక్కన పడేసిన పాత కన్వర్టర్ దొరికితే అడిగి, వేళ్ళు పెట్టి స్టేటర్ తిప్పి చూడండి. మంచిదొకటి, పోయినదొకటి చేతికి తగిలితే ఆ తేడా మళ్ళీ మర్చిపోరు. వచ్చే పాఠంలో కన్వర్టర్ని గేర్‌బాక్స్‌లో కూర్చోబెడతాం. మూడు మెట్లుగా లోపలికి దిగాలి, ఫ్లెక్స్ ప్లేట్‌కి (ఇంజిన్ వెనక కన్వర్టర్ని బిగించే పలకకి) 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. చివరి మెట్టు దిగకుండానే బోల్టులు బిగించేస్తే పంపు పగులుతుంది, అందుకని దానికి ఒక పాఠం మొత్తం కేటాయించాను.