రాత్రివేళ పాత భవనంలో ఫొటోలు తీస్తుండగా పోలీసులు వస్తే

పాడుబడిన మిల్లు అయినా, తాళం వేసిన పాత బంగళా అయినా, యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా లోపలికి వెళ్లవద్దని ముందే గట్టిగా చెబుతున్నాను. నేరాలు, శిక్షలను నిర్వచించే చట్టమైన భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ప్రకారం అక్రమ ప్రవేశం నేరం కావాలంటే నేరం చేయాలనో, స్వాధీనంలో ఉన్నవారిని బెదిరించాలనో, అవమానించాలనో, ఇబ్బంది పెట్టాలనో ఉద్దేశం ఉండాలి కాబట్టి, ఫొటోల కోసమే వచ్చామన్న వాదన కోర్టులో చెప్పుకోదగినదే. కానీ అర్ధరాత్రి గోడ పక్కన ఆ ఉద్దేశం తేలదు. పైగా గోడ దూకారనో, తాళం తీశారనో 331వ సెక్షన్ పెడితే మూడేళ్ల వరకు జైలు, బెయిలు కోర్టు విచక్షణ.

వాచ్‌మన్ టార్చి వెలుగు ముఖాన పడగానే పరుగెత్తకండి. ట్రైపాడ్‌ను నేలమీద పెట్టి, చేతులు కనబడేలా నిలబడి, అసలు పేరు, చిరునామా చెప్పండి. పోలీసులు వారెంటు లేకుండానే అరెస్టు చేయగలరు. అయితే ఇలాంటి నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో వారు కారణాలు రాయాలి, అవసరం లేకపోతే అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) కింద హాజరు కావాలని నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసులోని తేదీకి తప్పక హాజరు కండి.

అరెస్టు చేస్తే కారణం అడగండి, ఇంట్లోవారికి కబురు చేయించండి, న్యాయవాదిని కోరండి. ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. మహిళలను రాత్రివేళ అరెస్టు చేయాలంటే అసాధారణ పరిస్థితి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి, మహిళా అధికారి ఉండాలి.

కెమెరా స్వాధీనం చేసుకుంటే బాడీ, లెన్సుల సీరియల్ నంబర్లు, మెమరీ కార్డుతో సహా, పంచనామాలో (స్వాధీనం చేసుకున్న వస్తువుల వివరాలు రాసే పత్రంలో) నమోదయ్యాయో లేదో చదివాకే సంతకం చేయండి. ఫొటోలు మాత్రం చెరిపేయకండి. మీరు వచ్చిన పని ఏమిటో చెప్పే సాక్ష్యం అవే.