కనీస ఆర్చ్ లినక్స్‌లో నెట్‌వర్క్ రాకపోతే: నా అనుభవం

ఆర్చ్ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను కనీస ప్యాకేజీలతో ఇన్‌స్టాల్ చేసి రీబూట్ చేయగానే, అంతకుముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపినప్పుడు చక్కగా పనిచేసిన ఇంటర్నెట్ లేకుండా పోయింది. నిజానికి ఇది లోపం కాదు. పెన్‌డ్రైవ్‌లోని సిస్టమ్‌లో నెట్‌వర్క్ సర్వీసులు ముందే నడుస్తూ ఉంటాయి, కొత్తగా వేసుకున్న దానిలో మాత్రం ఏది నడవాలో మనమే చెప్పాలి.

నాది కేబుల్ కనెక్షన్. ‘ఐపీ లింక్’ కమాండ్‌తో చూస్తే నెట్‌వర్క్ కార్డును కెర్నెల్ (సిస్టమ్ మూలభాగం) గుర్తించిందని, అంటే డ్రైవర్ సమస్య లేదని తేలింది. ఆర్చ్‌లో ప్యాకేజీలు తెచ్చిపెట్టే ప్యాక్‌మ్యాన్‌తో ఏదైనా తెచ్చుకుందామంటే నెట్ లేదు. అయితే నెట్‌వర్క్‌ను చూసుకునే సిస్టమ్‌డి-నెట్‌వర్క్‌డి మాత్రం, సిస్టమ్‌లోని సర్వీసులను నడిపే సిస్టమ్‌డితోపాటే వస్తుంది. సెట్టింగ్‌లు ఉండే ఈటీసీ (/etc)లోని సిస్టమ్‌డి డైరెక్టరీలో, నెట్‌వర్క్ అనే ఫోల్డర్ లోపల, ‘.నెట్‌వర్క్’తో ముగిసే చిన్న ఫైలు రాసి, ‘ఈఎన్’తో మొదలయ్యే కార్డులన్నీ డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్ నుంచి అడ్రస్ దానంతటదే అందే పద్ధతి) ద్వారా అడ్రస్ తీసుకోవాలని అందులో పేర్కొని, సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో నెట్‌వర్క్‌డి సర్వీసును ఎనేబుల్ చేసి ప్రారంభించాను.

అప్పుడు గూగుల్ సర్వర్ అడ్రస్ 8.8.8.8 నుంచి, కనెక్షన్‌ను పరీక్షించే పింగ్‌కు జవాబు వచ్చింది కానీ, వెబ్‌సైట్ల పేర్లకు రాలేదు. కొత్తవారు తికమకపడేది ఇక్కడే: అంకెలకు జవాబు వచ్చి పేర్లకు రాకపోతే, చూడవలసింది కేబుల్‌ను కాదు, పేర్లను అంకెల అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్‌ను. ఆ పనిని చూసుకునే సిస్టమ్‌డి-రిజాల్వ్‌డిని కూడా ప్రారంభించి, ఈటీసీలోని డీఎన్ఎస్ సెట్టింగ్‌ల ఫైలు రిజాల్వ్.కాన్ఫ్‌ను అది తయారుచేసే స్టబ్ ఫైలుకు లింక్ చేయగానే ప్యాక్‌మ్యాన్ డౌన్‌లోడ్లు మొదలయ్యాయి. వైఫై వాడేవారైతే, వైఫైకి కనెక్ట్ చేసే ఐడబ్ల్యూడీ ప్యాకేజీని రీబూట్‌కు ముందే వేసుకోవడం మేలు, ఎందుకంటే అది సిస్టమ్‌డితో రాదు.