రేగడి బురదలో మౌంటెన్ బైక్ పోటీ: చక్రం ఆగకుండా చూసుకోవడం ఎలా

మూడేళ్ల కింద పరకాల అవతల జరిగిన ఒక చిన్న పోటీలో నేను నాలుగో కిలోమీటరు దగ్గరే ఆగిపోయాను. గాలి పోలేదు, చైన్ తెగలేదు. చక్రమే తిరగలేదు. పత్తి చేల మధ్య బండ్ల బాట మీద రేగడి మట్టి టైరుకు పొరలు పొరలుగా చుట్టుకుని, ఫోర్కు కింద గట్టిగా బిగుసుకుపోయింది. తోసినా జరగలేదు. చివరికి సైకిల్ మోసుకుని బయటికి వచ్చి, దగ్గర్లో ఉన్న పత్తి కాంటా మీద పెట్టించాను. 13 కిలోల సైకిల్ 18 కిలోలు తూగింది. ఆ ఐదు కిలోల మట్టి నాకు చాలా నేర్పింది. వానాకాలంలో పోటీకి దిగాలనుకునేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు నేల సంగతి. బురదంతా ఒకటే అనుకోవద్దు. ధర్మసాగర్ దగ్గర ఇనుపరాతి గుట్టల వైపు ఎర్ర చెల్క, మొరం ఉంటాయి. అక్కడ వాన పడితే జారుతుంది గానీ పెద్దగా అంటుకోదు, నీళ్లు తొందరగా దిగిపోతాయి. నల్లరేగడి అలా కాదు. అందులో ఉండే బంకమట్టి పొరల మధ్యకు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. వాన కురుస్తున్నంతసేపు రేగడి జావలా ఉంటుంది, టైరు దాన్ని కోసుకుంటూ వెళ్లిపోతుంది. వాన వెలిసి రెండు మూడు గంటలయ్యాక, ఎండ పొడ తగిలినప్పుడు, అదే మట్టి పిండి ముద్దలా మారుతుంది. అసలు కష్టం అప్పుడే. పోటీ ఉదయం ఆకాశం తేటపడింది కదా అని సంతోషపడకండి.

నేను చేసే పరీక్ష ఒకటుంది. బాట మీది మట్టిని నిమ్మకాయంత తీసుకుని అరచేతిలో ఉండ చేస్తాను. చేయి బోర్లించి పట్టుకుంటాను. ఉండ జారి కింద పడితే సైకిల్ నడుస్తుంది. అరచేతికి అంటుకుని వేలాడితే, ఆ ముక్కలో సైకిల్ మోయాల్సిందే. ముందురోజు సాయంత్రం దారంతా నడుస్తూ ప్రతి మలుపులోనూ ఈ పని చేస్తాను. ఎక్కడ దిగాలి, ఎక్కడ మళ్లీ ఎక్కాలి, గడ్డి అంచు ఎటువైపు ఉంది, అన్నీ ఫోన్‌లో రాసుకుంటాను. పుష్యమి కార్తె నాట్ల రోజులైతే ఇనుప పట్టీల చక్రాలున్న (కేజ్‌వీల్స్) ట్రాక్టర్లు బాట దాటిన చోట్లు కూడా చూసుకోండి. ఆ ఇనుప పట్టీలు అడ్డంగా కోసిన గాట్లు నీళ్లు నిండాక కనబడవు.

సైకిల్ తయారీలో అన్నిటికన్నా ముఖ్యం సందు. టైరుకూ ఫ్రేముకూ మధ్య ఎంత ఖాళీ ఉంటే అంత మంచిది. చాలామంది బురదకు వెడల్పు టైరు వేస్తారు. రేగడిలో అది తప్పు. నేను 2.1 అంగుళాల టైరు వేస్తాను. దాని గుబ్బలు ఎత్తుగా, దూరం దూరంగా ఉంటాయి కాబట్టి తిరిగేటప్పుడు మట్టి విదిలిపోతుంది. నా బరువు 58 కిలోలు, చక్రాలు 29 అంగుళాలవి, ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేనివి). గాలి ముందు 19, వెనక 21 పీఎస్ఐ పెడతాను. ట్యూబు ఉన్నవాళ్లు ఇంత తగ్గించకండి, రాయి తగిలితే రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి ట్యూబుకు రెండు చిల్లులు పడతాయి. ట్యూబు ఉంటే మీ బరువును బట్టి 26 నుంచి 30 దాకా ఉండాలి.

చక్రాలు విప్పి, ఫోర్కు లోపలి వైపు, వెనక చక్రం పక్కనుండే రాడ్లకు, పెడళ్ల కింద వంటనూనె పల్చగా రాస్తాను. మట్టి అంటుకున్నా అట్టలా ఊడిపోతుంది. బ్రేక్ డిస్కుకు, ప్యాడ్లకు మాత్రం ఒక్క చుక్క కూడా తగలకూడదు. తగిలితే ఆ ప్యాడ్లు పనికిరావు. రాసిన తర్వాత చేతులు సబ్బుతో కడుక్కునే చక్రాలు బిగించండి. ప్యాడ్లు మెటల్‌వి వేసుకోండి. మామూలు రెసిన్ ప్యాడ్లు ఇసుక కలిసిన బురదలో చాలా త్వరగా అరిగిపోతాయి. చైన్‌కు వానకు వాడే చిక్కటి ఆయిలే వేయాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) నిబంధనల ప్రకారం మౌంటెన్ బైక్ పోటీ మధ్యలో సైకిల్ మార్చుకోకూడదు. బురద, గడ్డి దారుల్లో జరిగే ఇంకో రకం సైకిల్ పోటీ సైక్లోక్రాస్‌లో మార్చుకోవచ్చు, ఇక్కడ వీల్లేదు. బయల్దేరిన సైకిల్‌తోనే గీత దాటాలి.

ఇక తొక్కడం. ఒక గేరు తేలిక చేసుకుని, సీటు మీద కూర్చునే, ఆగకుండా ఒకే వేగంతో తిప్పండి. లేచి నిలబడి తొక్కితే బరువు ముందుకు పోయి వెనక చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. గేరు మార్చాల్సి వస్తే బురదలోకి దిగకముందే మార్చండి. గడ్డిపోచలు, మట్టి కలిసి వెనక డీరైలర్‌లో (చైన్‌ను గేరు నుంచి గేరుకు జరిపే భాగం) చిక్కుకున్నప్పుడు గట్టిగా తొక్కితే దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. నాది ఒకసారి అలాగే విరిగింది. గరగర శబ్దం వింటూనే తొక్కాను. ఇప్పుడు ఆ శబ్దం వినగానే దిగుతాను. జానెడు వెదురు బద్దను టేపుతో ఫ్రేముకు అంటించి ఉంచుకుంటాను. దాంతో గేర్ల సందుల్లో మట్టి గీకడానికి అర నిమిషం చాలు. పక్కవాళ్లు దాటిపోతున్నా టెన్షన్ పడకండి, ముందు ముందు వాళ్లూ ఆగుతారు.

హ్యాండిల్ బిగించి పట్టుకోవద్దు. ముందు చక్రం కాస్త అటూ ఇటూ పోతుంది, పోనివ్వండి. చూపు పది మీటర్ల ముందు ఉండాలి. బ్రేకు మలుపుకు ముందే వేయాలి, మలుపులో కాదు. టైరు జాడలోకి దిగితే అది అయిపోయేదాకా అందులోనే ఉండండి. మధ్యలో ఎక్కబోతే ముందు చక్రం అంచుకు తగిలి పడిపోతారు. చిన్న నీటి గుంటలు నాకు ఇష్టం. బండ్ల బాటలో గుంట అడుగు చాలాసార్లు గట్టిగానే ఉంటుంది, పైగా నీళ్లకు చక్రం కడుక్కుపోతుంది. కానీ ముందురోజు కాలు పెట్టి చూసిన గుంటల్లోకే వెళ్లండి.

పారుతున్న వాగులో మాత్రం వద్దు, పోటీలోనైనా ప్రాక్టీస్‌లోనైనా. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మన వైపు వాగులు ఎంత తొందరగా ఉప్పొంగుతాయో ఆ వారం చూసినవాళ్లెవరూ మరిచిపోరు.

దిగి నడవడం కూడా నేర్చుకోవాలి. రేగడిలో సైకిల్‌ను తోయవద్దు, తోస్తే చక్రం ఇంకా మట్టి పోగేసుకుంటుంది. చక్రం బిగుసుకోకముందే దిగి, పై రాడ్డును కుడి భుజం మీద వేసుకోండి. గేర్లు వీపుకు తగలకుండా బయటి వైపు ఉంటాయి. నడవడం నాకు మా అమ్మ నేర్పింది, సైకిల్ కోసం కాదు. చిన్నప్పుడు నర్సంపేట దగ్గర మా మడిలో నాట్లేస్తుంటే నా కాలు దమ్ములో దిగబడి వచ్చేది కాదు. గుంజుకుంటూ ఏడ్చేదాన్ని. "మడమ ముందు లేపు బిడ్డా, అదే వస్తది" అనేది అమ్మ. మడమ లేపితే దాని కిందికి గాలి పోతుంది, పట్టు వదులుతుంది, ఆ తర్వాత వేళ్లు జారి వస్తాయి. కాలు నిలువునా గుంజితే బూటు అక్కడే ఉండిపోతుంది. అడుగులు చిన్నగా వేయండి, ముందు పోయినవాళ్ల అడుగుల్లోనే వేయండి. అక్కడ మట్టి అప్పటికే అణిగి ఉంటుంది. బూట్ల లేసులు బిగించి, చివరలు లోపలికి దోపుకోండి.

నీళ్ల సీసా గురించి ఒక మాట. మన బాటల మీద బర్రెలు, మేకలు నడుస్తాయి, ఆ బురదలో పేడ ఉంటుంది. 2008లో వేల్స్‌లో బురదలో జరిగిన ఒక మౌంటెన్ బైక్ పోటీ తర్వాత, పశువుల పేడ కలిసిన మట్టి నోట్లోకి పోయి చాలామందికి క్యాంపిలోబాక్టర్ అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలు పట్టుకున్నాయి. సీసా మూతికి పైన ఇంకో మూత ఉన్నదే తీసుకెళ్లండి, లేదా వీపుకు తగిలించుకునే నీళ్ల సంచి వాడండి. ముందు చక్రానికి చిన్న మడ్‌గార్డు ఉంటే ముఖం మీదికి ఎగిరేది సగం తగ్గుతుంది. కాళ్ల మీద గీసుకున్న గాయాలుంటే ముందే కట్టు కట్టుకోండి.

పోటీ అయ్యాక మట్టి ఎండకముందే కడగాలి. బోరు మోటారు పైపు దొరికినా నీళ్లు పైనుంచి మెల్లగా పడనివ్వండి. చక్రం మధ్యలో, పెడళ్ల ఇరుసు దగ్గర గట్టిగా కొడితే బేరింగుల్లోకి ఇసుక పోతుంది. బకెట్టు, మెత్తటి బ్రష్ చాలు. బూట్లలో పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టండి, గంటకోసారి పేపరు మార్చండి. బ్రేక్ ప్యాడ్లు విప్పి ఎంత అరిగాయో చూసుకోండి. చైన్‌ను గుడ్డతో తుడిచి ఆ రాత్రే ఆయిల్ పెట్టండి. తెల్లారేదాకా వదిలేస్తే లింకుల మధ్య తుప్పు ఎర్రగా కనబడుతుంది.